రాణిగారి శుభలేఖ

చిట్టితల్లికి, తమ్ముడికి, ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

దసరాకు వచ్చినప్పుడు నానమ్మ పూజపెట్టెలో చూసిన చిన్న వెండి నాణెం గురించి అడిగావు. "దాని అక్షరాల సందుల్లో పసుపుపచ్చగా ఉంది. అది ముందు బంగారమా? రంగు పోయిందా?" అని. మా తాతగారు కాకినాడ రేవులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఓడ మనిషి ఎవరో బాకీ కింద ఇచ్చాడట. ఇంట్లో మిగిలిన కథ అంతే. మిగతాది నాణెమే చెప్పాలి.

నాణెం చదవడం పెళ్లి శుభలేఖ చదవడం లాంటిదే. శుభలేఖలో పేరుకు ముందు చి.ల.సౌ. అని ఉంటుంది. దాన్ని ఎవరూ విప్పి రాయరు, అందరికీ తెలుసని ధీమా. నాణెం మీద చోటు మరీ తక్కువ కాబట్టి పొట్టి మాటలు ఇంకా ఎక్కువ. మన నాణెం బొమ్మవైపు చుట్టూ తిప్పుతూ చదివితే "విక్టోరియా డెయి గ్రేషియా బ్రిట్: రెజీనా ఎఫ్:డి:" అని వస్తుంది. అది లాటిన్ భాష. డెయి గ్రేషియా అంటే దేవుడి దయవల్ల అని. మన శుభలేఖ పైన శ్రీరస్తు శుభమస్తు ఉన్నట్టే. రెజీనా అంటే రాణి. బ్రిట్ అంటే బ్రిటన్‌ల అని. దాని చివర టి అక్షరం రెండుసార్లు ఉంటుంది చూడు, అది అచ్చుతప్పు కాదు. బహువచనాన్ని కుదించేటప్పుడు చివరి అక్షరాన్ని అలా రెట్టిస్తారు.

ఎఫ్:డి: అంటే మతరక్షకురాలు. ఈ బిరుదును 1521లో పోపు ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి ఇచ్చాడు. తర్వాత ఆ రాజు పోపుతోనే తెగతెంపులు చేసుకున్నాడు, బిరుదును మాత్రం వదల్లేదు. మన బంధువుల్లోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు, పేర్లు చెప్పను.

ఇక తేదీ: 1887. విక్టోరియా గద్దెనెక్కి యాభై ఏళ్లు నిండిన సంవత్సరం. ఆ సందర్భానికి బోయమ్ అనే శిల్పి కొత్త బొమ్మ చేశాడు. తలమీద కిరీటం మరీ చిన్నది, ఇప్పుడో ఇంకాసేపటికో జారిపడేలా ఉందని ఆ దేశంలోనే జనం నవ్వుకున్నారు. పాపం శిల్పి తప్పేమీ లేదు, రాణి నిజంగానే అలాంటి చిన్న వజ్రాల కిరీటం పెట్టుకునేది.

వెనక్కి తిప్పు. కిరీటం కింద డాలు ఉంది. విలువ ఎక్కడ? లేదు! ఇంత శ్రద్ధగా శుభలేఖ వేయించి ముహూర్తం రాయడం మరిచిపోయినట్టు. ఇది ఆరు పెన్నీల నాణెం. దాదాపు ఇదే సైజులో, ఇలాంటి డాలు బొమ్మతోనే వాళ్లకు అర సావరిన్ అనే బంగారు నాణెం ఉండేది. దాని విలువ పది షిల్లింగులు. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు, కాబట్టి మొత్తం 120 పెన్నీలు. అంటే ఇరవై రెట్లు! కొందరు ఘనులకు వెంటనే ఉపాయం తట్టింది. మనం శుభలేఖకు మూలల్లో పసుపు రాస్తాం. వాళ్లు ఈ నాణేనికి ఒళ్లంతా బంగారుపూత పూసి అర సావరిన్ అని చలామణీ చేశారు. టంకశాల వాళ్లు నాలుక కరుచుకుని, ఆ ఏడాదిలోనే నమూనా మార్చి, వెనకవైపు "ఆరు పెన్నీలు" అని స్పష్టంగా అచ్చు వేశారు. మన దగ్గరున్నది మార్చకముందుది.

ఆ పూత పూసినవాళ్లను తిట్టే అర్హత నాకు లేదు. 1957లో నయాపైసలు వచ్చిన కొత్తలో నాకు తొమ్మిదేళ్లు. ఏ డబ్బు ఎంతో పెద్దవాళ్లకే తికమకగా ఉండేది. అదే అదనని ఈ నాణేన్ని పెట్టెలోంచి తీసి, పాత వెండి పావలా అని చెప్పి జీడీలు కొనబోయాను. సైజు అచ్చం పావలాయే మరి. కొట్టు ఆయన దాన్ని నాపరాతి మీద ఎగరేశాడు. ఖంగున మోగింది. "వెండే" అన్నాడు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని తిరగేసి చూసి, "ఈ రాణి మన పావలా మీది రాణి కాదురా" అని చేతిలో పెట్టాడు. రాణి ఆవిడే! కానీ మన పావలా మీద లాటిన్ గోల లేదు, "విక్టోరియా ఎంప్రెస్" అని ఉండేది. వెనక విలువా, ఇండియా పేరూ ఉండేవి. ఆ సాయంత్రం నా వీపు కూడా ఖంగున మోగింది.

ఇండియా అంటే గుర్తొచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా చాటారు. పదేళ్ల తర్వాత వేసిన మన నాణెం మీద ఆ ఊసే లేదు. 1893 నాణేలపైన "ఇండ్. ఇంప్." అని, అంటే భారత సామ్రాజ్ఞి అని ఎక్కింది, మనకు స్వాతంత్ర్యం వచ్చాక, 1949 నాణేలనుంచి దిగిపోయింది. శుభలేఖలో పెళ్లివేదిక కూడా ఉంటుంది, నాణెం మీద ఊరి పేరు లేదు. పోలిక ఇక్కడ కుంటుతోంది, పోనీలే.

ఇక నీ ప్రశ్న. తూకం వేయించు. 2.8 గ్రాములకు దగ్గరగా ఉంటే ఆరు పెన్నీలే, వెండే. పాత పావు తులానికి ఒక్క పిసరు తక్కువ. అర సావరిన్ అయితే నాలుగు గ్రాములు తూగుతుంది. మరి ఆ పసుపు? మోసగాడి బంగారుపూత కావచ్చు. ఎవరో ముచ్చటపడి పూత వేయించి మెడలో వేసుకున్నదీ కావచ్చు. కిరీటం పైన అంచులో కొక్కెం అతికిన మచ్చ ఉందేమో చూడు. లేదా ప్రతి శుక్రవారం నానమ్మ పెట్టే పసుపే కావచ్చు!

ఎట్టి పరిస్థితిలోనూ చింతపండు పెట్టి తోమకండి. భూతద్దం తీసుకుని, పొద్దున్న ఎండలో, డాబా మీద కూర్చుని చూడండి. పసుపైతే పొడిపొడిగా, మట్టిగా ఉంటుంది. బంగారమైతే సందుల్లో సన్నగా మెరుస్తుంది. ఏది కనిపించిందో రాయండి. నా కళ్లకు ఇప్పుడు ఆ అక్షరాలే ఆనడం లేదు.

మీ తాతయ్య