ఎక్స్‌రే బాగుంది, మరి మణికట్టు?

వాన పడ్డ రోడ్డు మీద బైక్ జారితే ఎవరైనా ముందు చెయ్యే ఆనిస్తారు. అరచెయ్యి నేలకు తగిలి, మణికట్టు వెనక్కి విరుచుకుని, ఒంటి బరువంతా దాని మీద పడుతుంది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, "ఎముక విరగలేదు, బెణికిందంతే" అంటారు. క్రేప్ బ్యాండేజీ, నొప్పి మాత్రలు. చాలామందికి వాటితోనే తగ్గిపోతుంది. చిక్కల్లా తగ్గనివాళ్ళతోనే.

మణికట్టులో రెండు వరసల్లో 8 చిన్న ఎముకలుంటాయి. ముంజేతికి దగ్గరి వరసలో, బొటనవేలి పక్కన ఉండేది స్కాఫాయిడ్. దానికి ఆనుకుని లూనేట్. ముంజేతి కండరాలు వీటిని నేరుగా పట్టి లాగవు, దాటుకుపోయి అవతల అతుక్కుంటాయి. పక్క ఎముకలు తోస్తే ఇవి కదులుతాయి, ఎముకని ఎముకకి కట్టి ఉంచే పట్టీలు, అంటే లిగమెంట్లు, ఆపితే ఆగుతాయి. స్కాఫాయిడ్‌కి అరచేతి వైపు వాలిపోయే గుణం, లూనేట్‌కి వెనక్కి తిరిగే గుణం. రెంటినీ జతగా ఉంచేది ఇంగ్లీషు 'సి' అక్షరంలా వంగిన ఓ చిన్న లిగమెంటు. అది పూర్తిగా తెగితే కాడి విరిగిన ఎద్దుల్లా చెరో దిక్కుకు పోతాయి.

ఎక్స్‌రేలో లిగమెంటు కనబడదు. కనబడేది ఎముకల మధ్య సందు మాత్రమే, అదీ చెయ్యి ఊరికే పెట్టి తీస్తే ఒక్కోసారి మామూలుగానే ఉంటుంది. గట్టిగా పిడికిలి బిగించి తీస్తే అవతలి వరస ఎముక లోపలికి ఒత్తి, సందు తెరుచుకుంటుంది. 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. ముందుపళ్ళ మధ్య సందుతో పేరుపడ్డ బ్రిటిష్ హాస్యనటుడి పేరు మీద దీన్ని 'టెర్రీ థామస్ సైన్' అంటారు. డాక్టర్లకీ హాస్యం ఉంటుంది! కొందరికి పుట్టుకతోనే కీళ్ళు వదులు, అందుకే రెండో చేతికీ తీసి పోల్చాలి.

నొప్పి ఎక్కడో కూడా చూసుకోవాలి. నేల మీద అరచెయ్యి ఆనించి లేస్తుంటే మణికట్టు వెనక మధ్యలో పొడిచినట్టున్నా, పట్టు సడలినా, లోపల 'టక్' మన్నా ఈ లిగమెంటు మీదే అనుమానం. తడిబట్ట పిండినప్పుడు, తాళం తిప్పినప్పుడు చిటికెనవేలి వైపు నొప్పి వస్తే అక్కడి మృదులాస్థి, లిగమెంట్ల కట్ట దెబ్బతిని ఉండొచ్చు. దాని పేరు టీఎఫ్‌సీసీ. బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పా? అది స్కాఫాయిడ్ విరగడం కావచ్చు. మొదటి ఎక్స్‌రేలో దొరక్కుండా, 10-14 రోజుల తర్వాత తీసినదాంట్లో బయటపడటం మామూలే.

మన దగ్గర ఈ దశలో రెండు పనులు జరుగుతాయి: నూనె రాసి లాగి మాలిష్ చేయడం, పుత్తూరు కట్టుకి వెళ్ళడం. వాచిన కీలుని లాగి పిసకడం మంచిది కాదు. ఇక కట్టు ఎంత బిగించినా పూర్తిగా తెగిన లిగమెంటు కొసలు లోపల కలుస్తాయన్న నమ్మకం లేదు.

రెండు వారాలు దాటినా నొప్పి తగ్గకపోతే చేతి సర్జన్‌కి చూపించాలి. ఎంఆర్ఐ ఉపయోగమే కానీ చిన్న చిరుగుల్ని అది వదిలేయగలదు. తేల్చిచెప్పేది ఆర్థ్రోస్కోపీ, అంటే సన్నని కెమెరాతో కీలు లోపల చూడటం. కొద్దిగా చిరిగితే స్ప్లింటు, విశ్రాంతి, తర్వాత వ్యాయామం సరిపోవచ్చు. పూర్తిగా తెగితే మొదటి కొన్ని వారాల్లోనే కుట్టి, ఎముకలు కదలకుండా సన్నని తీగలు గుచ్చి ఉంచుతారు. ఆలస్యమైతే కొసలు ముడుచుకుపోయి కుట్టడానికి ఏమీ మిగలదు, వేరేచోటి స్నాయువుతో (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) కొత్తగా కట్టాలి. ఏళ్ళతరబడి వదిలేస్తే ఎముకలు ఒరుసుకుని కీలు అరుగుతుంది. అప్పుడు కొన్ని ఎముకలు తీసేయడమో, కలిపి అతికించడమో చేస్తారు. నొప్పి తగ్గుతుంది, వంపు మాత్రం కొంత పోతుంది.

ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీలో మొదట నేర్పే కదలికల్లో ఒకటి బోర్డు మీదకి చిన్న బాణం (డార్ట్) విసిరినట్టు చెయ్యి ఏటవాలుగా ఆడించడం. ఆ దారిలో కదిపితే స్కాఫాయిడ్, లూనేట్ దాదాపు కదలకుండా ఉంటాయి, కుట్టు మీద లాగుడు తక్కువ. పుషప్‌లు, గ్యాస్ సిలిండర్ మోయడాలు చాలా నెలల తర్వాతే, అదీ సర్జన్ సరేనన్నాకే.