మంట ముందుకెందుకు రాదు?

విమానపుర, బెంగళూరు

చి. లాస్యకు, చి. నానికి,

తాత ఆశీస్సులు. మీరు క్షేమంగా అనంతపురం చేరారని అమ్మ ఫోన్ చేసింది. మొన్న మేడ మీద బట్టలు తీస్తుంటే తేజస్ యుద్ధవిమానం ఒకటి కిటికీ అద్దాలు అదిరేలా పోయింది కదా, అప్పుడు నాని ఒక ప్రశ్న అడిగాడు. "తాతా, ఇంజన్‌కి ముందూ బొక్కే, వెనకా బొక్కే. మధ్యలో మంట. మరి ఆ మంట ముందుకెందుకు రాదు?" వాన మొదలవుతోందని తప్పించుకున్నాను గానీ, ఏళ్ల తరబడి ఇంజన్లు విప్పి బిగించిన నాకే టక్కున మాట రాలేదు. తీరిగ్గా రాస్తున్నా.

మా జేజి కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదేది. ఊదినంతసేపూ మంట అటే పోయేది. నాకు ఆరేళ్లప్పుడు నేనూ ఊదుతానని లాక్కున్నాను. ఊపిరి అయిపోయింది. గొట్టం నోట్లోంచి తియ్యకుండానే గాలి పీల్చాను. పొగ, బూడిద మొత్తం గొంతులోకి! జేజి వీపు మీద చరుస్తూ నవ్వింది. నాని ప్రశ్నకు జవాబు ఆ గొట్టంలోనే ఉంది. మంటను అటు తోస్తున్నది తలుపు కాదు, ఆగకుండా వచ్చే ఊపిరి.

జెట్ ఇంజన్‌లో ఊదే పని కంప్రెసర్‌ది. వరసగా రెక్కల చక్రాలుంటాయి. ఒక్కో చక్రం గాలిని ఇంకాస్త నొక్కి వెనక చక్రానికి అందిస్తుంది. నా చేతుల్లో ఎక్కువగా నలిగిన ఆర్ఫియస్ ఇంజన్‌లో అలాంటి వరసలు ఏడు. గాలిని నాలుగు రెట్లకు కాస్త పైగా నొక్కేవి. ఇప్పటి పెద్ద విమానాల్లో అది నలభై రెట్లు దాటింది. మంట మండే గది గుమ్మం దగ్గరే ఇంజన్ మొత్తంలో ఒత్తిడి ఎక్కువ. అక్కడ కిరసనాయిలు లాంటి ఇంధనం చల్లి మండిస్తే గాలి వేడెక్కి ఉబ్బుతుంది. ఉబ్బిన గాలికి ముందు వైపు సందు లేదు, అక్కడ అంతకన్నా గట్టిగా తోస్తున్న గాలి ఉంది. వెనక ఒత్తిడి తక్కువ. అటే పరిగెత్తుతుంది. దారిలో ఇంకో రెక్కల చక్రాన్ని తిప్పిపోతుంది, అదే టర్బైన్. ఆ టర్బైన్, ఇందాకటి కంప్రెసర్ రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. అంటే మంట తనను తానే ఊదుకుంటోందన్నమాట! మంట ఇచ్చే శక్తిలో పెద్ద వాటా ఈ ఊదుకోవడానికే పోతుంది. మిగిలింది వెనక మూతిలోంచి దూసుకుపోతూ విమానాన్ని ముందుకు తోస్తుంది, తెప్ప మీంచి గట్టుకి దూకితే తెప్ప వెనక్కి జరిగినట్టు.

మొదటి ఊపిరి మాత్రం ఎవరో ఒకరు పొయ్యాలి. ఈసారి విమానమెక్కితే గమనించండి, ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు చాలా విమానాల్లో ఏసీ గాలి కాసేపు ఆగుతుంది. తోకలో ఉండే చిన్న ఇంజన్ గాలిని అప్పుడు పెద్ద ఇంజన్ చక్రం తిప్పడానికి మళ్లిస్తారు.

అన్నట్టు నానీ, మంట ముందుకు అసలు రాదని కాదు. కంప్రెసర్ రెక్కలకు గాలి సరిగ్గా అందక పట్టు తప్పితే, ఢామ్మని శబ్దం వచ్చి ముందు మూతిలోంచే మంట కనిపిస్తుంది. దాన్ని సర్జ్ అంటాం. నేను బూడిద మింగిన కథే అది.

ఇదంతా ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ విటిల్ అనే 22 ఏళ్ల పైలట్ 1930లోనే కాగితం మీద గీసి పేటెంట్‌కు పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1935లో 5 పౌండ్లు కట్టలేక పేటెంట్ వదిలేసుకున్నాడు. 1937 ఏప్రిల్ 12న మొదటిసారి ఇంజన్ నడిపితే అది చెయ్యి దాటిపోయింది. ఇంధనం కట్టేసినా వేగం పెరుగుతూనే ఉంది, చుట్టూ ఉన్నవాళ్లు పరుగో పరుగు! అంతకుముందే కారిన ఇంధనం గదిలో మడుగు కట్టిందని తర్వాత తెలిసింది. జర్మనీలో హాన్స్ ఫాన్ ఓహైన్ ఇంజన్‌తో 1939 ఆగస్టు 27న మొదటి జెట్ విమానం ఎగిరింది. విటిల్ ఇంజన్ గాల్లోకి లేచింది 1941 మేలో.

ఆలోచన తొందరగానే వచ్చింది. సతాయించింది లోహం. యుద్ధకాలంలో జర్మన్లకు నికెల్ దొరక్క, వాళ్ల జెట్ ఇంజన్లు పాతిక గంటలు నడిస్తే గొప్ప. ఇప్పుడు టర్బైన్ ముందు గాలి వేడి 1,500 డిగ్రీలు దాటుతుంది. రెక్క చేసిన నికెల్ మిశ్రమమేమో 1,300కీ 1,400కీ మధ్యే కరిగిపోతుంది! మరి ఎలా నిలుస్తోంది? రెక్క లోపల బోలు. ఒంటి నిండా సన్నటి రంధ్రాలు. కంప్రెసర్ నుంచి దొంగిలించిన గాలి ఆ రంధ్రాల్లోంచి వచ్చి రెక్క మీద పల్చటి దుప్పటిలా పరుచుకుంటుంది. ఆ 'చల్లగాలే' 500 డిగ్రీల పైన ఉంటుంది, అదీ సంగతి.

ఇంకో తమాషా. లోహం గడ్డకట్టేటప్పుడు చక్కెరలాగా లెక్కలేనన్ని పలుకులుగా కడుతుంది. వేడిలో గిర్రున తిరుగుతుంటే ఆ పలుకుల అతుకుల దగ్గరే విడిపోతుంది. అందుకని రెక్క మొత్తం ఒకే పలుకుగా పోతపోస్తారు, పెద్ద కలకండ ముక్కలాగా. అచ్చు అడుగున జిలేబీలా మెలితిరిగిన సన్నటి దారి పెడతారు. కింద ఎన్నో పలుకులు మొదలైనా ఆ మెలిక దాటి పైకొచ్చేది ఒక్కటే. రెక్కంతా అదే పెరుగుతుంది.

తేజస్ కోసమని మొదలుపెట్టిన మన కావేరి ఇంజన్ ఇక్కడే, సి.వి. రామన్ నగర్‌లోని జి.టి.ఆర్.ఇ. అనే ఇంజన్ల పరిశోధనా సంస్థలో 1989 నుంచి తయారవుతోంది. తేజస్ 2001 జనవరి 4న అమెరికా ఇంజన్‌తోనే ఎగిరింది, ఇప్పటికీ అంతే. వాట్సాప్‌లో దీని మీద జోకులు వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇలాంటి ఇంజన్ సొంతంగా చేసే దేశాలు వేళ్ల మీద లెక్క. ఎత్తులో నడిపి చూడటానికి మనవాళ్లు ఇంజన్‌ను రష్యా దాకా మోసుకెళ్లాల్సి వచ్చింది. ఆలస్యం మాత్రం నిజమే, దాన్ని నేను కప్పిపుచ్చను.

మీరు ఆటోలో వెళ్లిన సురంజన్ దాస్ రోడ్డు గుర్తుందా? 1961 జూన్‌లో మన మారుత్ యుద్ధవిమానాన్ని మొదటిసారి ఎగరేసిన పైలట్ పేరది. విమానం బంగారం, కానీ దానికి తగ్గ బలమైన ఇంజన్ దొరకలేదు. రెండు ఆర్ఫియస్‌లతోనే సరిపెట్టుకుంది.

నా సంగతి ఒకటి. కొత్తలో, షిఫ్ట్ అయిపోయే వేళకి బోల్టులు ఊడకుండా కట్టే లాకింగ్ వైరు ముక్క, అగ్గిపుల్లంతది, లెక్కకు రాలేదు. అది ఇంజన్‌లో ఉంటే రెక్కలన్నీ నుజ్జే. సూపర్‌వైజర్ ఎవర్నీ కదలనివ్వలేదు. టార్చిలు పట్టుకుని పన్నెండు మంది రాత్రి పదకొండు దాకా నేల మీద పాకాం. చివరికి నా ప్యాంటు మడతలో దొరికింది. నెల రోజులు నాతో టీ తాగడానికి ఎవరూ రాలేదు.

దసరాకి వస్తే పాత ఎయిర్‌పోర్టు రోడ్డు దగ్గరున్న హెచ్.ఏ.ఎల్. విమానాల కంపెనీ మ్యూజియానికి తీసుకెళ్తాను, అక్కడ మారుత్ ఉంది. లాస్య అడిగిన ప్రశ్న, ఇంజన్‌లో పిట్ట పడితే ఏమవుతుందని, అది వచ్చే ఉత్తరంలో. నానమ్మ చెక్కలు చేసి పంపుతోంది, డబ్బా తిరిగి పంపమని అమ్మకు చెప్పండి.

మీ తాత