గోడ లోపలి ఊటను పట్టే గాజు పోగు

నల్లగొండలో అయినా మహబూబ్‌నగర్‌లో అయినా ఇప్పుడు కాస్త పెద్ద బిల్డింగ్ అంటే కింద సెల్లార్ ఉండాల్సిందే. తవ్వితే చాలాచోట్ల పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైట్ బండ. వాన నీళ్లు మొరంలోంచి దిగి బండ దగ్గర దారి దొరక్క నిలిచిపోతాయి, పక్క మట్టిని ఆపే రిటైనింగ్ వాల్ ఉండేదీ ఆ లోతులోనే. నాలుగు గట్టి వానలు పడ్డాక గోడ మీద చెమ్మ తేలుతుంది, కానీ చెమ్మ ఉన్నచోటే లీకేజీ ఉందనుకుంటే పొరపాటే, ఎందుకంటే నీళ్లు వెనకాల ఏ జాయింట్లోనో దూరి, కాంక్రీటు సరిగ్గా కూరుకోని సందుల వెంట పాకి ఎక్కడో అవతల బయటపడతాయి. ఒకచోట గ్రౌటింగ్ చేస్తే, అంటే సందుల్లోకి సిమెంటు పాలు ఎక్కిస్తే, ఇంకోచోట ఊరుతుంది. ఈలోగా లోపల చువ్వలు తుప్పు పడుతుంటాయి.

మరి లోపల నీళ్లు ఎక్కడున్నాయో ఎలా తెలిసేది? వేడిని బట్టి. చలికాలం పొద్దున్నే బోరు మోటారు వేస్తే నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, ఎండాకాలంలో అవే చల్లగా తగులుతాయి. నిజానికి లోతు నీళ్ల వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు, మారేది పైన గాలి. అలాంటి నీళ్లు గోడలోకి దూరితే ఆ చోట వేడి చుట్టుపక్కలకన్నా కొద్దిగా తేడాగా ఉంటుంది. చేతికి తెలియని ఆ తేడాను గోడ లోపల కేబుల్‌గా పెట్టిన గాజు పోగు, ఇంటర్నెట్ కేబుల్లో ఉండేలాంటిదే, పట్టేస్తుంది.

పోగులోకి లేజర్ వెలుగును చిన్న చిన్న తునకలుగా పంపుతారు. దారి పొడవునా అందులో అతి స్వల్ప భాగం వెనక్కి చెదురుతూ వస్తుంది, ఆ వచ్చేదాంట్లో కొంత రంగు మారి వస్తుంది. 1928లో సి.వి.రామన్ కనిపెట్టింది ఈ సంగతే. రంగు మారిన వెలుగు రెండు రకాలు: ఒకటి వేడికి పెద్దగా స్పందించదు, రెండోది వేడి పెరిగేకొద్దీ బలపడుతుంది. రెండింటి నిష్పత్తి చూస్తే ఉష్ణోగ్రత తెలుస్తుంది. అది ఏ చోటిదంటారా? గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే ఒక మీటరు దూరం పోయి రావడానికి సెకనులో 10 కోట్లవ వంతు. తిరిగొచ్చిన టైమును బట్టి దూరం లెక్క కడతారు. అలా ఒక్క పోగే కిలోమీటర్ల పొడవునా దాదాపు మీటరుకో థర్మామీటర్ లాగా పనిచేస్తుంది.

చిక్కల్లా గోడా నీళ్లూ ఒకే వేడిలో ఉన్నప్పుడే, లోతుకు పోయేకొద్దీ అదే జరుగుతుంది. అప్పుడు కేబుల్లో పోగుతోపాటు ఉన్న రాగి తీగకు కాసేపు కరెంటు ఇచ్చి వేడి చేస్తారు. పొడిగా ఉన్నచోట కేబుల్ బాగా వేడెక్కుతుంది, నీళ్లు కదులుతున్నచోట ఆ వేడిని నీళ్లు లాగేసుకుంటాయి కాబట్టి అంతగా వేడెక్కదు, కరెంటు ఆపాక తొందరగా చల్లారుతుంది కూడా. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ పద్ధతే, ఎందుకంటే ఇది నీళ్లు వాటంతట అవి బయటపడేదాకా ఎదురుచూడదు.

దీంతో అన్నీ తేలిపోవు. ఒక్కో రీడింగు దాదాపు మీటరు పొడవుకు సగటు కాబట్టి బెత్తెడు చోట ఊట ఉంటే ఆ తేడా పలచబడిపోతుంది. అందుకే జాయింట్ల దగ్గర కేబుల్‌ను మెలికలు తిప్పి ఎక్కువ పొడవు పడేలా కట్టాలి. కొత్త కాంక్రీటు గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది కనుక మొదటి కొన్ని వారాల రీడింగులు చూసి లీకేజీ ఉందనీ లేదనీ తేల్చకూడదు.

2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో నీళ్లూ మట్టీ విరుచుకుపడి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఈ కేబుల్ ఉంటే ఆ ప్రమాదం ఆగేదని నేననను, అది ఇంకా తవ్వుతున్న సొరంగం. కానీ పాలమూరు ఎత్తిపోతల పంపుహౌసుల్లాంటి చోట నేల లోపల పోసే గోడలకు మాత్రం దీని గురించి గట్టిగా ఆలోచించాలి, అదీ కాంక్రీటు పోయకముందే. గోడ లేచాక దాని కడుపులోకి కేబుల్ దూర్చలేం. చువ్వలు కట్టేటప్పుడే కేబుల్‌ను వాటికి కట్టేయాలి, కాంక్రీటును కుదించే వైబ్రేటర్ సూది తగలని చోటు చూసి మరీ కట్టాలి. రెండు కొసలూ బయటికి తీసి పెట్టెలో భద్రం చేయాలి, మధ్యలో ఎక్కడైనా తెగితే రెండు వైపుల నుంచీ చదువుకోవచ్చు. ఖర్చు ఎక్కువయ్యేది రీడింగు తీసే యంత్రానికి, దాన్ని ఒక సైటు నుంచి ఇంకో సైటుకు తిప్పుకోవచ్చు.