గుండె స్పెక్ట్ స్కాన్‌లో కొల్లిమేటర్: అపోహలు - వాస్తవాలు

గుండె కండరానికి రక్తం అందుతున్న తీరును చూసే స్పెక్ట్ స్కాన్‌లో, రోగికి ఎక్కించిన రేడియోధార్మిక మందు నుంచి వచ్చే గామా కిరణాలను పట్టే గామా కెమెరా ముందు బిగించే సన్నటి రంధ్రాల సీసపు పలకే కొల్లిమేటర్. దాని ఎంపిక గురించి మా విభాగాల్లో తరచుగా వినిపించే కొన్ని మాటలను ఇక్కడ సరిచూస్తున్నాను.

అపోహ: రంధ్రాలు ఎంత సన్నగా ఉంటే లోపం (గుండె కండరంలో రక్తం తక్కువగా అందే చోటు) అంత కచ్చితంగా దొరుకుతుంది.

వాస్తవం: సన్నటి, పొడవైన రంధ్రాలతో స్పష్టత పెరిగే మాట నిజమే కాని, అందుకు కౌంట్లను, అంటే కెమెరా నమోదు చేసే ఫోటాన్ల (గామా కిరణ కణాల) సంఖ్యను వదులుకోవాలి. సమాంతర రంధ్రాల కొల్లిమేటర్‌ను దాటి కెమెరాలోని స్ఫటికాన్ని చేరేది సుమారు 10,000 ఫోటాన్లలో ఒక్కటే; స్పష్టతను రెట్టింపు చేయబోతే అదీ దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. కౌంట్లు చాలని చిత్రంలో ఆరోగ్యంగా ఉన్న గోడ కూడా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది కనుక, చిన్న లోపం ఆ మచ్చల్లో కలిసిపోతుంది. అందుకే రెండు కొల్లిమేటర్లను పోల్చేటప్పుడు, సన్నటి గీతలను ఏది విడదీసిందని కాక, లోపం ఉన్న చిత్రాలను, లేని చిత్రాలను కలిపి ఇచ్చినప్పుడు దేనితో తీసినవాటిని వైద్యులు సరిగా వేరు చేయగలిగారో చూడాలి. నా దృష్టిలో అసలు పరీక్ష అదే.

అపోహ: హై రిజల్యూషన్ (ఎక్కువ స్పష్టతనిచ్చే) కొల్లిమేటర్ ఉంటే డిటెక్టర్ (కెమెరా తల) రోగికి కాస్త దూరంగా ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: 1.5 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. పొడవు ఉన్న రంధ్రాన్ని తీసుకుని లెక్క వేస్తే, 10 సెం.మీ. దూరంలో సుమారు 7.8 మి.మీ. ఉండే మసక, 20 సెం.మీ. దగ్గర 14 మి.మీ. అవుతుంది. దూరం పెరిగినా సమాంతర రంధ్రాల్లో కౌంట్లు దాదాపు తగ్గవు కాబట్టి, తెర మీది అంకె మనల్ని హెచ్చరించదు. చేయి పూర్తిగా పైకెత్తలేని రోగికి మోచేయి తగులుతుందని డిటెక్టర్‌ను వెనక్కు జరిపే ముందు, భుజం కింద మెత్తటి దిండు సర్ది, రెండు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించమని కొత్త టెక్నాలజిస్టులకు నేను పదే పదే చెబుతుంటాను.

అపోహ: గుండె మీదికి కేంద్రీకరించే మల్టీ పిన్‌హోల్ (అనేక సూది రంధ్రాల) కెమెరాలతో పొరపాట్లే రావు.

వాస్తవం: కౌంట్లు బాగా పెరుగుతాయి. అయితే గుండె ఆ చిన్న పరిధి నుంచి కొంచెం పక్కకు జరిగినా అంచు తెగి, లేని లోపం కనిపించవచ్చు.

అపోహ: అయోడిన్-123కు లో ఎనర్జీ కొల్లిమేటర్ సరిపోతుంది.

వాస్తవం: అయోడిన్-123 ప్రధాన ఫోటాన్ శక్తి 159 కేఈవీయే (కిలో ఎలక్ట్రాన్ వోల్టులే) అయినా, కొద్దిపాటి 529 కేఈవీ ఫోటాన్లు ఆ కొల్లిమేటర్ పలుచటి సీసపు గోడలను చీల్చుకుని వచ్చి, గుండెకూ మీడియాస్టినమ్‌కూ (ఛాతీ మధ్యభాగానికీ) మధ్య కౌంట్ల నిష్పత్తిని అసలుకన్నా తక్కువగా చూపుతాయి. అయోడిన్-123తో గుండె నరాలను చూసే ఎంఐబీజీ స్కాన్‌కు మీడియం ఎనర్జీ కొల్లిమేటరే మేలు.

అపోహ: మంచి కొల్లిమేటర్‌తో డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) నీడ పోతుంది.

వాస్తవం: ఆ నీడలో లోపించిన ఫోటాన్లు కొల్లిమేటర్‌ను చేరకముందే శరీరంలో ఆగిపోయాయి. రోగిని బోర్లా పడుకోబెట్టి మళ్లీ స్కాన్ తీయడమో, సీటీ ఆధారంగా సవరించడమో చేయాలి.