కాళ్ళెక్కడ పెట్టాలి?

"రైల్లో ఒకదాని మీద ఒకటి మూడు బెర్తులు వేస్తారు కదా, విమానంలో ఎందుకు వెయ్యరు?" అని ఒక పాఠకుడు అడిగారు. వెయ్యొచ్చు. ఎయిర్ న్యూజీలాండ్ తన బోయింగ్ 787-9 విమానాల కోసం ఆరు అరల 'స్కైనెస్ట్' తయారుచేసింది, నాలుగేసి గంటల వంతున ఇవ్వడానికి. చిక్కల్లా విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ అందులో ఎవరూ పడుకోకూడదు. బెర్తు తీసుకున్నవాడికి ఎక్కడో ఒక సీటు కూడా ఉండాలి. ఒక మనిషికి రెండు చోట్లన్నమాట. అందుకే బిజినెస్ క్లాసులో కూర్చునే సీటే పరుచుకుని పడక అవుతుంది.

ఇక్కణ్ణుంచి అంతా జ్యామితే. మనిషిని పైనుంచి చూస్తే దీర్ఘచతురస్రంలా ఉండడు. పొడవు 200 సెం.మీ. అనుకుందాం. భుజాల దగ్గర 55 కావాలి, పాదాల దగ్గర 30 చాలు. ఇద్దరిని ఒకే వైపు తలలు పెట్టి పడుకోబెడితే 110 సెం.మీ. వెడల్పు పడుతుంది. ఒకరి తల పక్కన రెండోవారి కాళ్ళు వచ్చేలా పెడితే 55, 30 కలిపి 85. దాదాపు 23 శాతం మిగులు. పెళ్ళింట్లో ఒకే చాప మీద పిల్లలందరినీ అటొకణ్ణీ ఇటొకణ్ణీ సర్దే అమ్మమ్మలు చేసేది అచ్చంగా ఇదే.

2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ చేసింది కూడా అదే. ఒకరి ముఖం విమానం ముక్కు వైపు, పక్కవారి ముఖం తోక వైపు. బోయింగ్ 777 కేబిన్ లోపలి వెడల్పు సుమారు 586 సెం.మీ. రెండు నడవలకి 50 చొప్పున తీసేస్తే 486. అందులో 2-4-2గా ఎనిమిది పడకలు పట్టించారు! ఒక్కో పడకకి 61 సెం.మీ. లోపే వస్తుంది. మన మనిషి సగటు వెడల్పు 42.5 కాబట్టి మిగిలిన 18 చేతులకీ, సీటు గోడలకీ, మధ్య తెరకీ సరిపోయింది. దీర్ఘచతురస్రం లెక్కన 55 పోతే మిగిలేది 6. అందులో ఏ గోడా పట్టదు.

దీనికి చెల్లించిన మూల్యం కిటికీ పక్కవారిది. బయటికి రావాలంటే పక్కవారి చాచిన కాళ్ళు దాటాలి. పడుకున్న పిల్లల్ని దాటితే ఎదగరని మన ఇళ్ళలో ఒక నమ్మకం. వ్యాపారం మీద లండన్ వెళ్ళేవాళ్ళు ఎదగాల్సింది ఏమీ లేదు గానీ, అర్ధరాత్రి తూలి ఎవరి మోకాలి మీదో పడడం మాత్రం నిజమైన ప్రమాదమే.

దాటే పని లేకుండా అందరికీ నడవ కావాలంటే సీట్లని ఏటవాలుగా తిప్పాలి. ఇక్కడ నష్టం ఎక్కడుందో చూడండి. 200×55 పడకని కేబిన్ పొడవుకి 30 డిగ్రీల కోణంలో పెడితే ఒక్కో సీటుకి పొడవునా 110 సెం.మీ., అడ్డంగా 148 పడుతుంది: 1.63 చ.మీ. పడక మాత్రం 1.1 చ.మీ.యే. మిగతా అర చదరపు మీటరు కొసల్లో ముక్కోణాలుగా చెదిరిపోయింది. పక్కబల్ల, బ్యాగు అర, దీపం ఆ ముక్కోణాల్లోంచే పుడతాయి. చూసేవాళ్ళకి విలాసంలా కనిపించే ఆ బల్ల నిజానికి మిగిలిపోయిన మూల.

నాకు బాగా నచ్చింది మూడో పద్ధతి. అది ఎత్తుని కూడా వాడుకుంటుంది. కాళ్ళు పెట్టే చోట గుడారమంత ఎత్తు అక్కర్లేదు కదా! ముందు సీటువారి పక్కబల్ల కింద గోడగూడు లాంటిది చేసి వెనకవారి పాదాలని అందులోకి దూరుస్తారు. 200 సెం.మీ. పడకలో 85 దాకా ఆ బల్ల కిందే దాక్కుంటే వరసల మధ్య 115 చాలు. 2014లో అమెరికా సంస్థ జెట్‌బ్లూ తన ఎయిర్‌బస్ ఏ321లో వరసలని 2-2, 1-1గా మార్చి మార్చి పేర్చి, ఒకే నడవ ఉన్న సన్నటి విమానంలోనే 16 పడకలు పెట్టింది. గూడు ఇరుకైతే పక్కకి తిరిగి పడుకున్నప్పుడు పాదాలు ఇరుక్కుంటాయి. మొదటి వరసకి ముందు సీటు ఉండదు కాబట్టి అక్కడ గూడు తరచూ విశాలంగా ఉంటుంది. బుక్ చేసేవాళ్ళకి ఇది పనికొస్తుంది.

ఏటవాలుకి ఇంకో శిక్ష ఉంది. సీటుని 16జీ, అంటే భూమ్యాకర్షణకి పదహారు రెట్ల కుదుపుతో పరీక్షిస్తారు. 75 కిలోల మనిషి ఆ క్షణంలో 1200 కిలోల బరువుతో ముందుకి దూసుకుపోతాడు. తలకి ఎంత దెబ్బ తగులుతుందో కొలిచే సూచిక 1000 దాటకూడదు. విమానం ముక్కు వైపు నేరుగా తిరిగి కూర్చున్నవాడు నడుం దగ్గర వంగుతాడు. ఏటవాలుగా కూర్చున్నవాడు పక్కకి మెలితిరుగుతాడు, మెడ మీద భారం పడుతుంది. అమెరికా నిబంధనల్లో 18 డిగ్రీలు దాటితే తలకి అదనపు రక్షణ తప్పనిసరి. కొన్ని సీట్ల బెల్టులో ఎయిర్‌బ్యాగు లావుగా తగిలేది అందుకే. తోక వైపు తిరిగిన సీటులో ఆ భారమంతా వీపు ఆనించే భాగమే మొయ్యాలి, కాబట్టి సీటు బరువెక్కుతుంది.

పూర్తిగా చదునైన పడక అన్నారే, అది కేబిన్ నేలతో పోల్చి. ఎత్తులో ఎగిరేటప్పుడు చాలా విమానాల ముక్కు రెండు మూడు డిగ్రీలు పైకే ఉంటుంది. రెండున్నర డిగ్రీలంటే రెండు మీటర్లకి దాదాపు 9 సెం.మీ. తేడా. ముందుకి తిరిగిన సీటులో ఆ మేరకు కాళ్ళు ఎత్తులో, తల పల్లంలో. ఉత్తరం వైపు తల పెట్టకూడదని దిక్సూచి చూసుకునేవాళ్ళు ముందు ఈ పల్లం సంగతి చూసుకోవాలి.

ఇక మరమ్మతుల గొడవ. సీటు పరుచుకునేటప్పుడు వీపు ఆనించే భాగం వెనక్కి వాలుతూ కూర్చునే భాగం ముందుకి జారుతుంది. ఆ సందులో పడిన ఫోను నలిగితే లిథియం బ్యాటరీ అంటుకోవచ్చు. ఫోను పడిపోతే సీటు కదపకుండా సిబ్బందిని పిలవమనేది అందుకే. మోటారు మొరాయిస్తే చేత్తో తిప్పడానికి ఒక మీట ఉంటుంది. దానికీ సీటు నిటారుగా రాకపోతే, విమానం దిగేటప్పుడు అందులో ఎవరినీ కూర్చోనివ్వరు. ఖాళీగా ఉన్న ఇంకో సీటు చూపిస్తారు.