వెన్నుకు కరెంటు: ఈ గొడవ 2011లోనే మొదలైంది

నడుము కింద చచ్చుబడిపోయిన మనిషి వెన్నులో అమర్చిన, కరెంటు ఇచ్చే పరికరం ఆన్ చేయగానే వాకర్ పట్టుకుని అడుగులు వేసే వీడియో మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాంతో పాటే పాత గొడవా లేచింది. చీమకుర్తి క్వారీల్లో పడ్డవాళ్లు, హైవే మీద బైకు ప్రమాదాల్లో వెన్ను విరిగినవాళ్లు, తాడిచెట్టు మీంచి జారినవాళ్లు ఉన్న ఇళ్లు ఒంగోలు నుంచి నెల్లూరు దాకా తక్కువేమీ కాదు. "మా వాడికి ఎందుకు పెట్టరు?" అని ఆ ఇళ్లవాళ్లు అడుగుతున్నారు. "అది మనకు కాదు, ఆశ పెట్టుకోకండి" అని డాక్టర్లు అంటున్నారు. ఈ రెండింటి మధ్య కొన్ని ఫిజియో సెంటర్లు "కరెంటు మా దగ్గరా పెడతాం" అంటూ సిట్టింగుల లెక్కన డబ్బు తీసుకుంటున్నాయి.

నొప్పి తగ్గించడానికి వెన్నుపాముకు కరెంటు ఇవ్వడం 1967 నుంచే ఉంది. పిల్లుల మీద, ఎలుకల మీద జరిగిన ప్రయోగాలది అంతకంటే పెద్ద చరిత్ర. వాటిలోకి వెళ్లక్కర్లేదు. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే అమెరికాలోని లూయీవిల్‌లో జరిగింది ఒక్కటి తెలిస్తే చాలు.

రాబ్ సమ్మర్స్ బేస్‌బాల్ ఆటగాడు. 2006లో కారు గుద్దేసి వెళ్లిపోయింది. కాళ్లలో కొంత స్పర్శ మిగిలింది గానీ కదలిక పూర్తిగా పోయింది. లూయీవిల్‌లో పరిశోధకురాలు సూసన్ హార్కెమా బృందం అతన్ని తాళ్లతో ట్రెడ్‌మిల్ మీద వేలాడదీసి, మనుషులు చేతులతో కాళ్లు కదిలిస్తూ 26 నెలల్లో 170 సిట్టింగులు నడక సాధన చేయించింది. ఏ మార్పూ రాలేదు. 2009 డిసెంబరులో, నొప్పికి వాడే మామూలు స్టిమ్యులేటర్‌నే (కరెంటు ఇచ్చే పరికరం), 16 ఎలక్ట్రోడ్లున్న దాన్ని, వెన్నుపాము కింది భాగం మీద అమర్చారు. కరెంటు ఇస్తూ సాధన చేయిస్తే తన బరువు తనే మోస్తూ నిలబడ్డాడు. పడిపోకుండా పట్టుకోవడానికే పక్కన మనిషి కావాల్సి వచ్చింది.

2011 మే నెలలో లాన్సెట్ వైద్య పత్రికలో ఇది అచ్చయినప్పుడు ప్రపంచమంతా నిలబడటం గురించే రాసింది. అసలు సంగతి అందులోనే ఇంకోచోట ఉంది. పరికరం పెట్టిన ఏడు నెలలకు రాబ్ తను అనుకున్నప్పుడు కాలి బొటనవేలు, చీలమండ, మోకాలు కదిలించగలిగాడు. కరెంటు ఉన్నంతసేపే. ఆపితే మళ్లీ ఏమీ లేదు. కరెంటే కాలిని లాగి ఉంటే అది అతను అనుకున్నప్పుడే కదలదు కదా. మెదడు నుంచి మాట కిందికి చేరుతోందన్నమాట. మూడేళ్లుగా కదలిక పూర్తిగా పోయిందని రాసిపెట్టిన మనిషిలో!

2014లో ఇదే బృందం మరో ముగ్గురికి అమర్చింది. వాళ్లలో ఇద్దరికి స్పర్శ కూడా లేదు. ముగ్గురూ చెప్పినప్పుడు కాళ్లు కదిలించారు.

ఇది ఎలా జరుగుతుందో మన రైతులకు చెప్పడం తేలిక. లైను పూర్తిగా తెగకపోయినా లో ఓల్టేజీ వస్తే బోరు మోటారు గుర్రుమంటుంది గానీ తిరగదు. వెన్నుపాము నలిగినప్పుడు చాలామందిలో కొన్ని తీగలు మిగిలే ఉంటాయి. వాటిలో వచ్చే సంకేతం మాత్రం కింది నరాలను లేపడానికి చాలదు. కాళ్ల నుంచి స్పర్శను మోసుకొచ్చే నరాలు వెన్నుపాములోకి చేరే చోట బయటి నుంచి కరెంటు అందిస్తే అక్కడి నరాల వ్యవస్థ మేల్కొని ఉంటుంది. అప్పుడు పైనుంచి వచ్చే కొద్దిపాటి సంకేతమూ పనిచేస్తుంది, పాదం నేలకు ఆనినప్పుడు పుట్టే స్పర్శా పనిచేస్తుంది. రెండూ కలిసి రోజూ సాధన మీద గట్టిపడాలి. కరెంటు ఒక్కటే సరిపోదు, సాధన ఒక్కటే సరిపోలేదని 170 సిట్టింగులు చెప్పాయి.

ఫిజియో సెంటర్లో "కరెంటు పెట్టడం" అంటే తొడకో పిక్కకో ప్యాడ్లు అంటించి కండరాన్ని నేరుగా కుదించడం, లేదా నొప్పి తగ్గించడం. కండరం ఎండిపోకుండా దాని ఉపయోగం దానికుంది. వీడియోలో ఉన్నది అది కాదు. ఈ తేడా చెప్పకుండా డబ్బు తీసుకోవడం తప్పు.

ఇక అసలు తగాదాకి వద్దాం. చీమకుర్తి దగ్గర ఒక ఇంట్లో క్వారీలో పడిన కుర్రాడు మూడేళ్లుగా ఎయిర్ బెడ్ మీద ఉన్నాడు. కరెంటు పోతే బెడ్డు దిగిపోతుంది. అందుకని వాళ్లమ్మ రాత్రిళ్లు అలారం పెట్టుకుని రెండు గంటలకోసారి లేచి వాడిని పక్కకు తిప్పుతుంది. బెడ్‌సోర్ ఒకసారి వచ్చి తగ్గింది, ఇంకోసారి రానివ్వకూడదని పట్టుదల. ప్లాస్టిక్ కవర్లో దాచిన డిశ్చార్జి కాగితం మీద "డి10, కంప్లీట్" అని నీలం ఇంకుతో ఉంది. అంటే వీపు భాగంలో వెన్ను పదో స్థాయిలో దెబ్బ, దాని కింద స్పర్శా కదలికా ఏమీ మిగల్లేదని. ఆపరేషనయ్యాక ఇంటికి పంపుతూ చెప్పింది ఒకటే మాట, బాగా చూసుకోండి అని. ఎలా చూసుకోవాలో ఎవరూ చూపించలేదు. మూత్రం గొట్టం మార్చడం ఆమె పక్క ఊరి నర్సును అడిగి నేర్చుకుంది. "నడవకపోయినా ఫర్వాలేదు సార్. ఒంటికి వచ్చేది తెలిస్తే చాలు, తనంతట తను లేచి కూర్చుంటే చాలు," అంటుందామె.

ఇలాంటివాళ్లని అత్యాశాపరులనడం న్యాయం కాదు. వాళ్లడిగేదీ, పరిశోధనలు చెప్పేదీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. 2004లో అమెరికాలో కిమ్ ఆండర్సన్ అనే పరిశోధకురాలు వెన్ను దెబ్బతిన్న 681 మందిని ముందు ఏది తిరిగి కావాలని అడిగారు. కాళ్లూ చేతులూ పోయినవాళ్లలో ఎక్కువమంది చేతులన్నారు. కాళ్లు మాత్రమే పోయినవాళ్లు లైంగిక జీవితాన్ని ముందు పెట్టారు. నడక రెండు జాబితాల్లోనూ మొదటి స్థానంలో లేదు. వీడియోలు తీసేవాళ్లకు మాత్రం నడకే కావాలి.

డాక్టర్లు చెప్పేదీ అబద్ధం కాదు. అది వెన్ను మీద ఆపరేషన్, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, పరికరం తీగ జరిగిపోవచ్చు. 2018లో లూయీవిల్ బృందం నలుగురి ఫలితాలు ప్రకటిస్తే నేల మీద నడిచింది ఇద్దరే. ఒకరికి 85 వారాల్లో 278 సిట్టింగులు, ఇంకొకరికి 15 వారాల్లో 81 పట్టాయి. ఇద్దరికీ అంతకుముందే కొంత స్పర్శ ఉంది. స్పర్శ లేని మిగతా ఇద్దరూ అలా నడవలేదు. ఒకరికి సాధనలో తుంటి ఎముక విరిగింది కూడా. ఏళ్ల తరబడి బరువు మోయని కాళ్లలో ఎముకలు గుల్లబారతాయి. స్విట్జర్లాండ్‌లో గ్రెగ్వార్ కోర్టీన్, జోసెలిన్ బ్లాక్ బృందం ఇంకా ముందుకెళ్లి, 2023లో మెదడు సంకేతాలను నేరుగా వెన్ను పరికరానికి కలిపింది. అదీ ఒక్క మనిషిలో.

కానీ ఆ "కంప్లీట్" అన్న మాట ఎప్పుడు రాశారన్నది అడగాల్సిందే. దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో వెన్నుపాము షాక్‌లో ఉంటుంది, అప్పటి పరీక్ష చివరి మాట కాదు. మలద్వారం దగ్గర స్పర్శ ఉందా, అక్కడి కండరం బిగుస్తోందా అన్నది చూశాకే పూర్తి దెబ్బా, కొంత మిగిలిందా అన్నది తేలుతుంది. మొహమాటంతోనో తీరిక లేకో చాలాచోట్ల అది చూడరు. ఆరు నెలలకూ ఏడాదికీ మళ్లీ పరీక్షించడం ఇంకా అరుదు. 2018లో నడిచినవాళ్లకూ నడవనివాళ్లకూ మధ్య తేడా స్పర్శ దగ్గరే ఉంది. ఈ కుర్రాడి కాగితాల్లో ఆ ఒక్క వివరమే లేదు.

2024 డిసెంబరులో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతించిన పరికరం వచ్చాక వాదన ఇంకో మలుపు తిరిగింది. దానికి ఆపరేషన్ అక్కర్లేదు, మెడ వెనక చర్మం మీదే ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. అది చేతుల కోసం. పరీక్షించిన 60 మందికీ ముందు రెండు నెలలు ఫిజియోథెరపీ మాత్రమే ఇచ్చారు, ఆ తర్వాత రెండు నెలలు కరెంటుతో కలిపి ఇచ్చారు. 72 శాతం మందికి చేతుల బలమూ పనితనమూ రెండూ మెరుగయ్యాయి. వాళ్లలో దెబ్బ తగిలి 34 ఏళ్లయినవారూ ఉన్నారు. అయితే ఎవరికీ పూర్తి దెబ్బ కాదు.

ఆ మొదటి రెండు నెలల ఫిజియో కూడా మన దగ్గర ఈ ఇళ్లకు అందడం లేదు. నెల్లూరువాళ్లు మద్రాసుకో రాయవేలూరుకో పరిగెడతారు, ఒంగోలువాళ్లు గుంటూరు వెళ్తారు. రాయవేలూరు సీఎంసీలో ఇలాంటివాళ్లను చేర్చుకుని సాధన చేయించే పునరావాస కేంద్రం 1966 నుంచే నడుస్తోంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో ప్రమాదంలో కాళ్లు పడిపోయాయి, ఆమె చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేశారు.

పింఛను భయం దీనికి తోడైంది. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో నెలకు 15,000 చేసింది, మిగతా దివ్యాంగులకు 6,000. 2025లో డాక్టర్లతో మళ్లీ తనిఖీ మొదలై, చాలామందికి నోటీసులు వెళ్లి ఆందోళనలు జరిగాయి. సాధనతో కాస్త లేచి కూర్చోగలిగితే సదరం సర్టిఫికెట్‌లో రాసే వైకల్యం శాతం తగ్గుతుందేమో, ఆ 15,000 పోతుందేమో అని ఆ చీమకుర్తి తల్లి కూడా టెన్షన్ పడుతోంది. ఫిజియో, డైపర్లు, గొట్టాలు, ఎయిర్ బెడ్ రిపేరు అన్నీ ఆ డబ్బుతోనే నడుస్తున్నాయి. మళ్లీ పరీక్ష చేయించుకుని మిగిలిన స్పర్శ రాయించుకోమంటే ఆమె ముందు అడిగింది, ఆ కాగితం పింఛనువాళ్లకు వెళ్తుందా అని.