వాసన రాని మత్తు

1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మతో పాటు ఊరి ఆడవాళ్లు సారాయి మీద తిరగబడినప్పుడు, తాము ఎవరితో పోరాడుతున్నామో వాళ్లకు స్పష్టంగా తెలుసు. సారాయి అంగడి అందరికీ కనబడే చోటే ఉండేది. తాగొచ్చిన మనిషి గడప దాటకముందే వాసన వచ్చేది. తూలే నడక, తడబడే మాట మిగతా సంగతి చెప్పేవి. ఆ పోరాటం రాష్ట్రమంతటా పాకి 1993లో సారాయి నిషేధం దాకా వెళ్లింది. ఈనాటి తల్లిదండ్రులకు ఎదురవుతున్న మత్తులో చాలా భాగానికి వాసన లేదు. అది చొక్కా జేబులో పట్టే మాత్రల అట్టగా, పుస్తకాల సంచీలో ఇమిడే దగ్గు మందు సీసాగా ఇంట్లోకి వస్తుంది. దాని మీద కంపెనీ పేరు, ధర, గడువు తేదీ అన్నీ సక్రమంగా అచ్చయి ఉంటాయి. కొడుకు సంచీలో గంజాయి పొట్లం కనబడితే గుండె జారిపోయే తల్లి, అదే సంచీలో నొప్పి మాత్రలు కనబడితే తలనొప్పికి కొనుక్కున్నాడేమో అనుకుని ఊరుకుంటుంది.

బహిరంగంగా అమ్మే వస్తువు ప్రాణం తీయదన్న నమ్మకం ఎంత దూరం తీసుకుపోతుందో ప్రకాశం జిల్లా ఒకసారి చూసింది. 2020 జూలై చివరి రోజుల్లో, కరోనా కట్టడితో మద్యం దుకాణాలు మూతబడిన కురిచేడులో, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. చేతులు శుభ్రం చేసుకోవడానికని అప్పట్లో ప్రతి ఇంట్లోనూ ఉన్న ద్రవమే అది.

మన పల్లెల్లో ఒళ్లు నొప్పులొచ్చినా, నిద్ర పట్టకపోయినా ముందు వెళ్లేది మెడికల్ షాపుకే. ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట గ్రామాల్లో డాక్టరును చూడాలంటే ఒక రోజు కూలి, రానూపోనూ చార్జీలు పోతాయి కనుక ఆ అలవాటును తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. అయితే "అన్నా, మొన్నటి బిళ్లలే ఇంకో పది ఇయ్యమంది మా అవ్వ" అని అడగడానికి పదమూడేళ్ల పిల్లవాణ్ణి పంపినప్పుడు, చీటీ లేకుండా మందు దొరుకుతుందనీ, ఎన్ని వేసుకోవాలో మనమే నిర్ణయించుకోవచ్చనీ వాడికి మనమే నేర్పుతున్నామన్న సంగతి మాత్రం గుర్తించాలి. చట్టం ఇందుకు ఒప్పుకోదు. ఆల్‌ప్రజొలామ్ లాంటి నిద్ర మాత్రలు, కొన్ని దగ్గు మందుల్లో ఉండే కోడీన్, నొప్పి మందు ట్రమడాల్ వంటివి 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. వీటిని డాక్టరు చీటీ మీదే అమ్మాలి, ఎవరికి ఎంత అమ్మారో విడిగా పుస్తకంలో రాసి మూడేళ్లు భద్రపరచాలి. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి కూడా తెచ్చారు. ఒకసారి ఇంట్లోని మందుల డబ్బా తెరిచి చూడండి. అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీద మాత్రమే వాడవలసిన మందు. అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, తాళం వేసే చోట పెట్టడం ఈ సాయంత్రమే చేయగలిగిన పని.

ట్రమడాల్, కోడీన్, టాపెంటడాల్ నల్లమందు కోవకు చెందిన మందులు. మెదడులో మార్ఫిన్ పనిచేసే చోటే ఇవీ పనిచేసి నొప్పిని తగ్గిస్తాయి. దానితో పాటే ఒక హాయిని కూడా ఇస్తాయి. వాడుతున్నకొద్దీ మెదడు వాటికి అలవాటు పడుతుంది, మొదట ఒక మాత్రకు కలిగిన హాయి తర్వాత నాలుగు మాత్రలకు కూడా కలగదు. మానేస్తే ఒళ్లు విరుపులు, ముక్కు కారడం, విరేచనాలు, నిద్రలేమి మొదలవుతాయి. ఆ దశకు వచ్చాక పిల్లవాడు మాత్ర వేసుకునేది సరదాకి కాదు, ఆ బాధ తప్పించుకోవడానికి. కోడీన్‌లో ఇంకో చిక్కు ఉంది. అది కాలేయంలో మార్ఫిన్‌గా మారితేనే పనిచేస్తుంది, ఆ మార్పు ఎంత వేగంగా జరుగుతుందో పుట్టుకతో వచ్చిన జన్యువులను బట్టి ఉంటుంది. ఒకే సీసాను ఇద్దరు స్నేహితులు పంచుకుంటే ఒకడికి కాస్త మగతగా ఉండి, రెండోవాడికి ఊపిరి ఆగిపోయే స్థితి రావచ్చు. పన్నెండేళ్లలోపు పిల్లలకు కోడీన్ గానీ ట్రమడాల్ గానీ ఇవ్వకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది కూడా ఇలాంటి ప్రమాదాల వల్లే.

ఈ మందులు ప్రాణం తీసే దారి శ్వాస. ఊపిరిని నడిపించే మెదడు కాండాన్ని ఇవి మందగింపజేస్తాయి; వాటి మీద మద్యం గానీ నిద్ర మాత్ర గానీ చేరితే ఆ మందగింపు ప్రమాదకరంగా పెరుగుతుంది. ట్రమడాల్ మోతాదు మించితే మూర్ఛలు వస్తాయి. అంతకుముందు ఎన్నడూ ఫిట్స్ లేని కుర్రవాడికి హఠాత్తుగా వస్తే ఈ కారణాన్ని కూడా డాక్టరు చెవిన వేయాలి. చాలామంది గమనించనిది మరొకటుంది. మార్కెట్లో దొరికే ట్రమడాల్ మాత్రల్లో కొన్నింటిలో పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు కలిపి ఉంటుంది. మత్తు కోసం రోజుకు 13 మాత్రలు మింగేవాడి ఒంట్లోకి 4,225 మిల్లీగ్రాముల పారాసెటమాల్ పోతుంది, పెద్దవాళ్లకైనా రోజుకు 4,000 దాటకూడదు. కాలేయం దెబ్బతింటున్నా మొదటి రోజు వికారం, వాంతి తప్ప పెద్దగా ఏమీ తెలియదు. పచ్చకామెర్లు కనబడేసరికి రెండు మూడు రోజులు గడిచిపోతాయి. విరుగుడు మందు బాగా పనిచేసేది మొదటి ఎనిమిది గంటల్లోనే. కాబట్టి ఎక్కువ మాత్రలు మింగాడని తెలిస్తే, మనిషి బాగానే ఉన్నాడు కదా అని తెల్లవారేదాకా ఆగకూడదు.

నిద్ర మాత్రల సంగతి వేరు. నెలల తరబడి వాడినవాడు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, భ్రమలు, ప్రాణం మీదికి తెచ్చే మూర్ఛలు రావచ్చు. సంగతి బయటపడిన రాత్రే మాత్రలన్నీ కాలవలో పారేసి, పిల్లవాణ్ణి గదిలో పెట్టి గడియ వేయడం కోపంలో ఏ నాయనైనా చేసే పనే. ఈ మందుల విషయంలో అది వాడి ప్రాణానికే ముప్పు. మోతాదును మెల్లగా తగ్గించే పని డాక్టరు చేతుల్లో జరగాలి.

ఇంకా చిన్న పిల్లల చేతికి చిక్కేవి పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్, పెట్రోలు. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్ల కంటే పిల్లల్లోనే ఎక్కువగా కనబడిన మత్తు ఇలా పీల్చే రసాయనాలదే: పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్లవారిలో 1.17 శాతం. ఈ ఆవిర్లు గుండె లయను చెదరగొడతాయి, మొదటిసారి పీల్చినవాడు కూడా అక్కడికక్కడే పడిపోవచ్చు. అలా పీలుస్తూ దొరికిన పిల్లవాణ్ణి అరిచి భయపెట్టకూడదు, తరమకూడదు. భయంతో పరుగెత్తినప్పుడు ఒంట్లో పెరిగే అడ్రినలిన్ అప్పటికే చెదిరిన గుండెను ఆపేయగలదు. మెల్లగా దగ్గరకు పిలిచి, గాలి ఆడే చోట కూర్చోబెట్టాలి.

గంజాయి గురించి పోలీసులూ పత్రికలూ తరచుగానే చెబుతున్నారు. విశాఖ ఏజెన్సీ నుంచి చెన్నై వైపు పోయే సరుకుకు ఒంగోలు, కావలి, నెల్లూరు మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఒక దారి కావడంతో, దానిలో కొంత ఇక్కడే దిగిపోతోంది. మెదడులో ఆలోచననూ నిగ్రహాన్నీ నడిపే ముందు భాగం ఇరవై అయిదేళ్ల వయసు దాకా ఎదుగుతూనే ఉంటుంది కనుక, పదిహేనేళ్లకే మొదలుపెట్టినవాడికి జరిగే నష్టం పెద్దవాళ్లకు జరిగేదాని కంటే ఎక్కువ. కొందరిలో అది అనుమానాలు, భ్రమలతో కూడిన మానసిక జబ్బుకు దారితీస్తుంది.

ఏ ఒక్క గుర్తునూ పట్టుకుని పిల్లల మీద నింద వేయడం అన్యాయం. ఆ వయసులో చిరాకు, ఒంటరితనం, ఆలస్యంగా నిద్ర లేవడం మామూలే. చూడవలసింది కొన్ని వారాల్లో వచ్చిన మార్పును, రెండు మూడు గుర్తులు కలిసి రావడాన్ని. నల్లమందు జాతి మందులు వాడినవాడి కంటిపాపలు మసక వెలుతురులో కూడా సూది మొనంత చిన్నవిగా ఉంటాయి. వాడు కూర్చున్నచోటే తూగుతాడు, ముక్కూ ముఖమూ గోక్కుంటాడు, మలబద్ధకంతో బాధపడతాడు. గంజాయి తాగినవాడి కళ్లు ఎర్రబడతాయి. ఆ ఎరుపు దాచడానికి కొన్న కంటి చుక్కల సీసా, సిగరెట్ చుట్టే పల్చటి కాగితాలు జేబులో దొరుకుతాయి. ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పకపోతే మోచేతి మడత చూడాలి. మాత్రను నలిపి ఎక్కించుకునేవాళ్లు ఉన్నారు. అందులోని కరగని పొడి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, పంచుకున్న సూదితో హెపటైటిస్ సి, హెచ్‌ఐవి వస్తాయి. బిడ్డ నెల్లూరులో హాస్టల్లో ఉంటే ఇవేవీ మనకు కనబడవు. అక్కడ మనకు దొరికేవి ఫోన్‌లో వినబడే ముద్ద మాట, రెండు రోజులకోసారి ఫోన్‌పేలో అడిగే రెండొందలు, సెలవులకు ఇంటికి రానని చెప్పే సాకులు. మార్కులు ఎన్నని అడిగే ముందు నిద్ర పడుతోందా, ఎవరితో కలిసి తింటున్నావు అని అడిగే తల్లిదండ్రులకు ఈ మార్పులు త్వరగా తెలుస్తాయి.

ఇంట్లో చేసే మూత్ర పరీక్షను నమ్ముకోవద్దు. నల్లమందును పట్టే సాధారణ పరీక్ష ట్రమడాల్‌ను పట్టలేదు. గంజాయి మానేసిన వారాల తర్వాత కూడా ఉన్నట్టు చూపించవచ్చు.

పిల్లవాడు పిలిచినా పలకకుండా, ఆగి ఆగి గురక పెడుతుంటే, పెదవులు నీలంగా మారితే అది నిద్ర అనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, పక్కనే ఉండాలి. మత్తు దిగుతుందని మజ్జిగో నిమ్మరసమో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించకూడదు. దొరికిన అట్టలు, సీసాలు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నల్లమందు జాతి మందు అని తెలిస్తే నలోక్సోన్ అనే ఇంజెక్షన్ నిమిషాల్లో ఊపిరిని నిలబెట్టగలదు.

చాలా కుటుంబాలు డాక్టరు దగ్గరకు వెళ్లనిది కేసు భయంతో, పరువు భయంతో. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో తనంతట తానుగా చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తిచేసే వ్యసనపరుడికి, వాడకం కేసులో శిక్ష నుంచి రక్షణ కల్పిస్తోంది. పిల్లలకు మత్తు పదార్థం అమ్మినవాడికి మాత్రం బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు ఉంది. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. 14446 వ్యసన విముక్తికి జాతీయ సహాయ నంబరు, 14416 మానసిక ఆరోగ్యానిది. అమ్మకాల సమాచారం ఇవ్వడానికి రాష్ట్రంలో మాదకద్రవ్యాలను అరికట్టే ఈగల్ విభాగం నంబరు 1972.

చికిత్స ముగించుకుని ఇంటికి వచ్చాక మొదటి కొన్ని వారాలు మరీ జాగ్రత్తగా ఉండాలి. అప్పటికి ఒంటికి ఆ మందు అలవాటు పోయి ఉంటుంది, మనసులో కోరిక మాత్రం పోదు. అంతకుముందు తట్టుకున్న మోతాదునే మళ్లీ వేసుకుంటే ఈసారి ఊపిరి ఆగిపోతుంది. ఈ విషయం బిడ్డకు చాటుమాటుగా కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పాలి. మళ్లీ తప్పటడుగు పడితే దాచకుండా ముందు ఇంట్లోనే చెప్పమని, ఆ రాత్రి కొట్టబోమని, తిట్టబోమని, ఆసుపత్రికి తీసుకెళ్తామని ముందే మాట ఇవ్వాలి.